విత్తనము – పొలము

“విత్తొకటి నాటిన చెట్టొకటి మొలచునా?” యని మన పెద్దలందురు. తల్లిదండ్రుల రూపురేఖలు బిడ్డలకు సంక్రమించునట్లే కొన్ని వ్యాధులును వంశపారంపర్యముగ వచ్చుచుండును. అట్టి వ్యాధి కలిగినపుడు “ఇది నుదుటివ్రాత, మన చేతిలో నేమున్నది?” యని నిరాశ చెందువారు పెక్కురు. కాని విత్తన మెట్టిదైనను, పొలమును, నీరును, ఎరువును గూడ పంటను నిర్ణయించును గదా! రోగముల విషయమునను ఇట్లే యని ఋజువు చేసిన యొక వృత్తాంతమును తెలిసికొందము.

1934వ సంవత్సరమున నార్వే దేశపు ఓస్లో నగరమున ఒక తల్లి యుండెను. ఆమె కిరువురు బిడ్డలు. పుట్టినపుడు ఆరోగ్యముగ నున్న యా పసివారు పెరిగినకొలది బుద్ధిమాంద్యమునకు లోనైరి. వారి శరీరమునుండి ఒక వింత వాసన వచ్చుచుండెను. దీనికి కారణమేమని ఆ తల్లి యెందరో వైద్యుల నడిగెను. ఎవ్వరును చెప్పజాలరైరి. తుదకామె ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుని దర్శించెను. ఆయన రసాయనశాస్త్రమునందును నిపుణుడు.

ఫోలింగ్ ఆ బిడ్డల మూత్రములో ఫెర్రిక్ క్లోరైడును కలిపి చూచెను. అది అంతకుమున్ను ఆయన యెన్నడును చూచి యెరుగని యాకుపచ్చ రంగును దాల్చెను. ఆ తల్లి పలుమార్లు తెచ్చి యిచ్చిన మూత్రమును ఓపికతో పరీక్షించి, అందు ఫినైల్ పైరువిక్ ఆమ్లమున్నదని ఆయన కనుగొనెను. పిదప బుద్ధిమాంద్యము గల మఱి 430 మందిని పరీక్షింపగా ఎనిమిదిమందియందు అదియే లక్షణము కానవచ్చెను. ఈ వ్యాధికే తరువాత ఫినైల్‌కీటోనూరియా యను పేరు వచ్చినది.

దీని కారణ మిట్టిది. పాలు, పప్పులు, గ్రుడ్లు, మాంసము మొదలగు వానియందలి మాంసకృత్తులలో ఫినైల్ ఎలనిన్ అను ఆమినో ఆమ్లము గలదు. మన కాలేయములోని యొక ఎంజైము దానిని మార్చి శరీరమున కుపయుక్తముగ జేయును. ఆ ఎంజైమును రూపొందించు జన్యువు లోపించినచో ఫినైల్ ఎలనిన్ రక్తములో పేరుకొని, లేతమెదడును చెఱచును. తల్లిదండ్రులలో ఒక్కొక్కరియందు ఆ జన్యువుయొక్క రెండు ప్రతులలో ఒకటి మాత్రమే లోపముగలదై యున్నచో వారు ఆరోగ్యవంతులే. కాని వారి కలుగు ప్రతి శిశువునకును లోపముగల ప్రతులు రెండును సంక్రమించుటకు నాల్గింట నొకవంతు అవకాశము గలదు. అట్టి శిశువునకు అమృతతుల్యమైన తల్లిపాలును మితిమీరినచో విషమగును!

కారణము తెలిసినను చికిత్స దొరకుటకు రమారమి యిరువది సంవత్సరములు పట్టెను. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున రెండేండ్ల బాలిక యొకతె ఈ వ్యాధిచే నిలువజాలక, నడువజాలక, మాటలాడజాలక యుండెను. హోర్స్ట్ బికెల్ అను వైద్యుడును ఆయన సహచరులును పాలలోని మాంసకృత్తును విడగొట్టి, బొగ్గు సహాయమున ఫినైల్ ఎలనిన్‌ను తొలగించి ప్రత్యేకాహారమును సిద్ధపఱచిరి. కొన్ని మాసములలో ఆ బాలిక ప్రాకెను, నిలువబడెను, ఆమె కన్నులలో కాంతి వచ్చెను. ఇది ఆహార ప్రభావమేనా యని నిశ్చయించుకొనుటకు వారు ఆ యాహారమున ఫినైల్ ఎలనిన్‌ను మరల కలిపిరి. కొలది దినములలోనే ఆమె నేర్చినదంతయు దాదాపుగ కోల్పోయెను. దానిని తిరిగి తగ్గింపగా మరల కోలుకొనజొచ్చెను. 1953లో ఈ ఫలితములు ప్రకటింపబడెను.

అయినను మెదడు చెడిన పిమ్మట చేయు చికిత్స పూర్తిగ ఫలింపదు. కావున వ్యాధిని పుట్టిన కొలది దినములలోనే గుర్తింపవలెను. అమెరికా దేశస్థుడైన రాబర్ట్ గత్రీ ఇందులకు మార్గము చూపెను. శిశువు మడమనుండి తీసిన కొన్ని రక్తబిందువులను వడపోత కాగితముపై నద్ది పరీక్షించు పద్ధతిని ఆయన 1963లో ప్రకటించెను. నేడు అనేక దేశములలో నవజాత శిశువుల కిట్టి పరీక్షలు జరుగుచున్నవి. మొదటి వారములనుండియే తగిన యాహారమును పొంది, దానిని జీవితాంతము పాటించిన బిడ్డలు అందఱివలెనే చదువుకొని, పనిపాటలు చేసికొనుచున్నారు. వారి జన్యువు మారలేదు. మారినది ఆహారము మాత్రమే.

మధుమేహము, గుండెజబ్బు మున్నగు వ్యాధుల విషయ మింతకంటె చిక్కైనది. వానియందు అనేక జన్యువులతోపాటు ఆహారము, వ్యాయామము, పొగాకు, మనము పీల్చు గాలి మొదలగునవియు పాలుపంచుకొనును. ఏది యెంత కారణమో శాస్త్రజ్ఞులు పరిశోధించుచునే యున్నారు. కనుక “మా వంశములో నున్నది, నాకును తప్పదు” అని చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు, “మా వంశములో లేదు, నాకేమి భయము?” అని యజాగ్రత్తగ నుండుటయు తగదు.

ఓస్లో నగరపు తల్లి ప్రశ్నకు సమాధానము దొరకెను గాని, చికిత్స యెఱుగని యా కాలమున ఆమె బిడ్డలకు స్వస్థత చేకూరలేదు. అయినను “ఎందువలన?” అని ఆమె విడువక అడిగిన ప్రశ్నయే తరువాత పుట్టిన వేలకొలది పసివారి బుద్ధిని కాపాడినది.