చదివితిని, సమ్మతించితిని

మన పూర్వులు వ్రాసికొనిన క్రయపత్రములలోను, తనఖా దస్తావేజులలోను చివర నొక వాక్యము తరచుగా కనిపించును: ఈ పత్రమును చదివి వినిపించగా విని, సమ్మతించి, వ్రాలు చేసినాను అని. అక్షరజ్ఞానము లేనివాడు నిశానీ వేయుటకు ముందు దస్తావేజు లేఖరి దానిని బిగ్గరగా చదువుట, ఇరుగుపొరుగువారు సాక్షులుగా కూర్చుండి వినుట ఆచారము. చదివినది యొకటి, వ్రాసినది వేరొకటి యై కొంపలు మునిగిన ఉదంతములును లేకపోలేదు. అయినను, సమ్మతికి ముందు వినుట యుండవలెనను ధర్మము ఆ వాక్యమున నిలిచియున్నది.

నేటి బ్యాంకు వెబ్‌సైటు ముంగిట కూడ అట్టి వాక్యమే యున్నది. ఖాతాదారుడు తొలిసారి తన పేరు నమోదు చేసికొనునపుడు నియమనిబంధనల పత్ర మొకటి ఎదుట నిలుచును. దాని క్రింద నొక చిన్న గడి. ఆ గడిలో గుర్తు పెట్టినచో, నిబంధనలన్నియు చదివితిని, సమ్మతించితిని అని ఒప్పుకొన్నట్లు. పెట్టనిచో తలుపు తెరచుకొనదు. పత్రమో, పుటలకొలది ఆంగ్లము; అందును న్యాయవాదుల ఆంగ్లము. చదివి వినిపించు లేఖరి లేడు. ప్రక్కన సాక్షి లేడు.

ఇది ఉత్త లాంఛనమని భావింపరాదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో చేసిన సవరణ, ఎలక్ట్రానిక్ మార్గమున కుదిరినదను ఒక్క కారణముచే ఒప్పందము చెల్లకపోదని స్పష్టము చేసినది. కాగా 1872 నాటి ఒప్పందముల చట్టము, ఉభయులును ఒకే విషయమును ఒకే అర్థమున అంగీకరించుటయే సమ్మతి యని నిర్వచించినది. ఒకే అర్థమున! పత్రములోని భాషయే తెలియనివానికి అర్థైక్యము ఎక్కడిది? అయినను గుర్తు పెట్టినవానిని చదివినవానిగానే సాధారణముగా పరిగణింతురు. కావున ఆ పత్రములలో నేమున్నదో తెలుగున చెప్పుకొనుట అవసరము.

బ్యాంకు బ్యాంకునకు మాటలు మారినను, ముఖ్యాంశములు ఇంచుమించు సమానములు. పాస్‌వర్డును రహస్యముగా కాపాడుకొనుట ఖాతాదారుని బాధ్యత. దానితో జరిగిన లావాదేవీని అతడే జరిపినట్లు బ్యాంకు భావించును. సెల్‌ఫోను సంఖ్య మారినచో వెంటనే తెలుపవలెను. రహస్యము బయటపడినదని అనుమానము కలిగిన తక్షణమే ఫిర్యాదు చేయవలెను. నిబంధనలను మార్చు హక్కు బ్యాంకునకు కలదు. మార్పును ప్రకటించిన పిమ్మట సేవను వాడుచుండుటయే అంగీకారము. వీనినిబట్టి చూడగా పాస్‌వర్డు తాళపుచెవి మాత్రమే కాదు, మన వ్రాలు. దానిని పరునకు చెప్పుట, తెల్లకాగితముపై సంతకము చేసి చేతి కిచ్చుటయే.

ఈ నిబంధనలన్నిటికిని ఇరుసువంటి మాట యొకటి కలదు. అది నిర్లక్ష్యము. సొమ్ము పోయినపుడు నష్టము ఎవరిదను ప్రశ్న దాని చుట్టునే తిరుగును. 'ప్రమాదము' అను పదము యొక్క చరిత్ర ఇచ్చట స్మరణీయము. సంస్కృతమున దానికి ఏమరుపాటు, అజాగ్రత్త అని అర్థము. 'అప్రమత్తుడు' అన్నపుడు ఆ అర్థమే నేటికిని నిలిచియున్నది. తెలుగు వాడుకలో మాత్రము ప్రమాదమనగా అనుకోని ఆపద. ఒక అర్థమున తప్పు మనది. రెండవ అర్థమున మనము బాధితులము. బ్యాంకు మొదటి అర్థమును పట్టుకొనును. సొమ్ము పోగొట్టుకొన్నవాడు రెండవ అర్థమును చెప్పి వేడుకొనును. పింఛను పోగొట్టుకొన్న వృద్ధునకు ఈ అర్థభేదము నిఘంటువు చర్చ కాదు; అతని మందుల ఖర్చు.

ఈ వివాదమునకు రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక ఉత్తర్వుతో హద్దులు గీసినది. దాని ప్రకారము, లోపము బ్యాంకుదైనచో ఖాతాదారునకు నష్టభారము లేదు. లోపము బ్యాంకుదియు, ఖాతాదారునిదియు కాక, వ్యవస్థలో మరియొకచోట జరిగినపుడు, బ్యాంకు నుండి సమాచారము అందిన మూడు పనిదినములలోపల తెలిపినచో అప్పుడును లేదు. నాలుగు మొదలు ఏడు పనిదినములలోపల తెలిపినచో, సాధారణ పొదుపు ఖాతాకు ఆ భారము 10,000 రూపాయలకు మించరాదు. అంతకును ఆలస్యమైనచో ఆయా బ్యాంకుల విధానమే శరణ్యము. ఖాతాదారుడు తానే రహస్యసంఖ్యను బయటపెట్టినచో, ఫిర్యాదు చేయువరకు జరిగిన నష్టమంతయు అతనిదే. ఆ తరువాత జరిగినది బ్యాంకుది. అన్నిటికంటె ముఖ్యముగా, తప్పు ఖాతాదారునిదని నిరూపించు భారమును ఆ ఉత్తర్వు బ్యాంకుపైననే మోపినది. ఇట్టి నియమములు కాలానుగుణముగా సవరింపబడుచుండును గాన, తమ బ్యాంకు ప్రస్తుతము ప్రకటించిన గడువేదో ప్రతి ఖాతాదారుడును చూచుకొనవలెను.

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినవని సామెత. ఇచ్చట ఆరు నెలలు అక్కరలేదు. ఆరు గంటల ఆలస్యమే చాలును. దొంగిలింపబడిన సొమ్ము ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు, అందుండి వేరొకదానికి నిమిషములలో చేతులు మారును. అందుచేతనే బ్యాంకుతోపాటు 1930 అను జాతీయ సహాయ సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెను. త్రోవలో నింకను మిగిలియున్న సొమ్మును నిలుపుటకు అవకాశము ఆ తొలి గడియలలోనే యుండును. మోసపోతిమని సిగ్గుపడి, ఇంటివారికి సైతము చెప్పక దాచువారు కలరు. ఆ మౌనము దొంగకే మేలు చేయును.

ఇక దొంగ వచ్చు త్రోవల మాట. బ్యాంకు వెబ్‌సైటును అచ్చముగా పోలిన మాయ వెబ్‌సైటును కల్పించి, దాని లింకును సెల్‌ఫోనునకు పంపుట అందొకటి. రూపము చూచి నిజానిజములు తేల్చలేము, చిరునామాను చదువవలెను. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందుండును. వెబ్‌సైటు చిరునామాలో ఇంటిపేరు చివర నుండును. ఆరంభమునందలి జంట వాలుగీతలను విడిచి, ఆ తరువాత వచ్చు తొలి వాలుగీత వరకు చదివినచో, దానికి సరిగా ముందున్న మాటలే ఆ యింటిపేరు. అంతకు ముందు బ్యాంకు పేరును ఎవడైనను తగిలింపవచ్చును. ఈ చిక్కును తగ్గించుటకే రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులకు 'బ్యాంక్ డాట్ ఇన్' అను ప్రత్యేకమైన ఇంటిపేరును ఏర్పరచి, ఆ యేడు అక్టోబరు 31 లోపల దానిలోనికి మారవలెనని ఆదేశించినది. ఆ పేరును నమోదు చేయు బాధ్యత మన హైదరాబాదునందలి బ్యాంకింగు సాంకేతిక పరిశోధన సంస్థ యగు ఐడీఆర్‌బీటీకి అప్పగింపబడినది.

చిరునామా ప్రక్కన తాళపు బొమ్మ కనిపించినంతనే నిశ్చింత పడుట తగదు. మనము పంపు సమాచారమును త్రోవలో ఎవరును చదువలేరనియే దాని భావము. అది లక్కముద్ర వేసిన జాబు వంటిది. జాబును దొంగ యింటికే వ్రాసినపుడు లక్కముద్ర ఏమి చేయగలదు?

మరియొక త్రోవ ఫోను. బ్యాంకు ఉద్యోగినని చెప్పి, ఈ రాత్రికే మీ ఖాతా స్తంభించునని భయపెట్టి, సెల్‌ఫోనునకు వచ్చిన ఓటీపీని చెప్పుమనుట. తొందరపెట్టుటయే వాని మొదటి లక్షణము. నిజమైన బ్యాంకు ఉద్యోగి ఓటీపీని గాని పాస్‌వర్డును గాని అడుగడు. మనకు సొమ్ము పంపెదమని చెప్పి యూపీఐ పిన్ నొక్కుమనువాడును దొంగయే. పిన్ సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు అక్కరలేదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. తమకు తెలియదని పాస్‌వర్డును పొరుగింటి కుర్రవానికో, దూరపు బంధువునకో అప్పగించు పెద్దలు కలరు. వాత్సల్యము మంచిదే. కాని అల్లుడైనను, మేనల్లుడైనను నిబంధనల దృష్టిలో పరుడే. సహాయము కోరవలసివచ్చినచో, ప్రక్కన కూర్చుండి చూపుమనవలెను; రహస్యమును మాత్రము స్వయముగా నొక్కవలెను. పని ముగిసిన వెంటనే వెబ్‌సైటు నుండి లాగౌట్ చేసి బయటకు రావలెను.

ఖాతాదారుని కర్తవ్యమును ఇంతగా చెప్పిన పిమ్మట బ్యాంకు కర్తవ్యమును విస్మరించుట న్యాయము కాదు. ప్రజలు వాడు దరఖాస్తులు, జమచీటీలు, పాస్‌బుక్కులు ఆంగ్లము, హిందీలతోపాటు ప్రాంతీయభాషలో కూడ ఉండవలెనని రిజర్వు బ్యాంకు చిరకాలముగా చెప్పుచు వచ్చినది. జమచీటీకి దక్కిన తెలుగు, నష్టమును నిర్ణయించు నిబంధనలకు దక్కవలదా? ముప్పది పుటలు అక్కరలేదు. ఎవరి బాధ్యత ఎంత, ఎన్ని దినములలో తెలుపవలెను, ఏ సంఖ్యకు తెలుపవలెను అను మూడు విషయములు సామాన్యునికి అర్థమగు తెలుగున రెండు పుటలలో చెప్పవచ్చును. ఆ తెలుగు పాఠమును కావలెనని ప్రతి శాఖలోను అడుగవలెను. అడుగనిదే అమ్మయైనను పెట్టదు గదా!

అది లభించువరకు, చదువుకొన్న బిడ్డలున్న ప్రతి యింటను ఆ పని వారిదే. తల్లిదండ్రుల ఖాతాకు సంబంధించిన ఆ మూడు విషయములను బ్యాంకు పత్రమున వెదకి, బిగ్గరగా చదివి, తెలుగున వివరించి, ఫిర్యాదు సంఖ్యను ఫోను ప్రక్కన పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టవలెను. పట్టుమని గంట పట్టని పని యిది.