గురికి కొలబద్ద

విలుకానికి విల్లు ఎటువంటిదో, ఖుష్‌నవీసుకు కలం ఎటువంటిదో, కంప్యూటరు క్రీడాకారునికి మౌస్ అటువంటిది. సాధనం ఎంత మేలైనదైనా చేతికి అలవడనిదే గురి కుదరదు. తుపాకి గురి ప్రధానమైన పోటీ ఆటలలో ప్రవేశించే విద్యార్థి మిత్రులు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "మౌస్ సెన్సిటివిటీ ఎంత ఉండాలి?" దీనికి సమాధానం ఒక అంకె కాదనీ, ఒక పద్ధతి అనీ ఈ చిన్న వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాము.

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను ప్రదర్శించిన నాడు అది తెరపై గుర్తును జరిపే పనిముట్టు మాత్రమే. ముప్పది సంవత్సరాల పిమ్మట, 1998లో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. నాటి నుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాలలో ఎన్నో కుటుంబాలకు మౌస్ జీవనాధారంలో భాగమయింది. పగలు కార్యాలయంలో లెక్కల పట్టికలు నింపిన చేతులే సాయంకాలం ఆటకు కూర్చుంటున్నాయి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఎలక్ట్రానిక్ క్రీడలకు పతకాలిచ్చారు. అదే సంవత్సరం నవంబరులో మన హైటెక్స్ ప్రాంగణంలో డ్రీమ్‌హాక్ ఉత్సవం జరిగింది. కావున ఈ విద్యను వట్టి కాలక్షేపమని త్రోసివేయుట తగదు.

మేము కొందరం మిత్రులం మాదాపూర్‌లోని ఒక ఆటల కేంద్రంలో అభ్యాసం ప్రారంభించినప్పుడు, పేరుపొందిన క్రీడాకారుల అంకెలను కాగితం మీద వ్రాసుకొని వెళ్ళేవారము. వారానికొక అంకె మార్చాము. గురి కుదరలేదు సరికదా, మణికట్టు నొప్పి మిగిలింది. మాలో ఒకడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఖరీదైన మౌస్ కొన్నాడు. ఫలితం శూన్యం. లోపం మౌస్‌లో లేదనీ, మాకు కొలత లేకపోవడంలో ఉన్నదనీ ఆలస్యంగా తెలిసింది.

ఇంతకూ ఆ కొలత ఏమిటి? ఇందులో రెండు అంకెలున్నాయి. మౌస్ ఒక అంగుళం జరిగితే కంప్యూటరుకు ఎన్ని సంకేతాలు పంపుతుందో తెలిపేది డి.పి.ఐ. ఒక్కొక్క సంకేతానికి ఆటలోని చూపు ఎంత తిరగాలో నిర్ణయించేది సెన్సిటివిటీ. చేతికి తెలిసేది ఈ రెంటి గుణకార ఫలితమే. కౌంటర్ స్ట్రైక్ ఆటలో సెన్సిటివిటీ 1 అయితే ఒక సంకేతానికి చూపు 0.022 డిగ్రీలు తిరుగుతుంది. డి.పి.ఐ. 800 అనుకుంటే అంగుళానికి 17.6 డిగ్రీలు. అనగా ఒక పూర్తి చుట్టు, 360 డిగ్రీలు, తిరగడానికి మౌస్‌ను సుమారు 52 సెంటీమీటర్లు జరపాలి. డి.పి.ఐ. 400, సెన్సిటివిటీ 2 పెట్టినా అదే దూరం. వాలరంట్ ఆటలోనైతే సెన్సిటివిటీ 1కి ఒక సంకేతానికి 0.07 డిగ్రీలు. అందుచేత ఒక ఆటలోని అంకెను మరొక ఆటలో వాడితే చూపు మూడు రెట్లు వేగంగానో నెమ్మదిగానో తిరుగుతుంది. అంకెలు ఆటకొక విధంగా మారుతాయి. సెంటీమీటరు మాత్రం మారదు.

కొలతకు ముందు చేయవలసిన పని ఒకటున్నది. విండోస్‌లో "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అనే సదుపాయాన్ని తీసివేయాలి. అది ఉన్నప్పుడు చేయి వేగంగా కదిలితే గుర్తు మరింత దూరం పోతుంది. కార్యాలయపు పనికి ఇది సుఖమే. ఆటలో మాత్రం ఒకే దూరానికి ఒకే ఫలితం రాక, చేతికి అలవాటు ఏర్పడదు.

పిమ్మట ఆటలో ఒక గోడ మీది గుర్తుకు గురిపెట్టి, మౌస్‌ను ప్యాడ్ ఎడమ అంచున ఉంచండి. అదే గుర్తు తిరిగి ఎదురుపడేవరకు కుడివైపునకు జరిపి, ఆ దూరాన్ని స్కేలుతో కొలవండి. నెమ్మదిగా పొంచి ఆడే ఆటలలో 30 నుండి 60 సెంటీమీటర్ల నడుమ మొదలుపెట్టుట మంచిది. వెనుకకు తిరగడానికి, అనగా 180 డిగ్రీలకు, ప్యాడ్ మీద చోటు చాలాలి. ఇప్పుడు రెండు గుర్తుల నడుమ చూపును పదేపదే మార్చి చూడండి. గురి ప్రతిసారీ లక్ష్యాన్ని దాటిపోతే సెన్సిటివిటీని తగ్గించాలి. ప్రతిసారీ ముందే ఆగిపోతే పెంచాలి. మార్పు పదవ వంతుకు మించరాదు. రెండు వైపులా తప్పుతుంటే దోషం అంకెది కాదు, అభ్యాసానిది.

లక్ష్యం దూరమైన కొద్దీ, చిన్నదైన కొద్దీ దానిని చేరడానికి ఎక్కువ కాలం పడుతుందని 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. వేగం, నిలకడ రెండూ సంపూర్ణంగా ఒకేచోట దొరకవు. వేగం హెచ్చితే చేతి వణుకు కూడా తెర మీద హెచ్చుతుంది. వేగం తగ్గితే వెనుక నుండి వచ్చిన ప్రత్యర్థి వైపు తిరిగేసరికి ఆట ముగుస్తుంది. ఎవరి చేతికి తగిన మధ్యస్థానాన్ని వారే వెదుక్కోవాలి.

మన కళాశాలలో ఉర్దూ చదివే సోదరులకు ఖత్తాతీ సంగతి తెలిసే ఉంటుంది. అందులో అక్షరం పొడవును కొలిచేది స్కేలు కాదు. వ్రాసే కలపు మొనతో పెట్టిన నుక్తాయే కొలత. ఉస్తాదు నుక్తాలు ఎన్నో శిష్యుడు నేర్చుకొంటాడు, కాని వాటిని తన కలంతోనే పెడతాడు. మౌస్ విషయమూ అంతే. ఛాంపియన్ నుండి నేర్వవలసినది పద్ధతి. కొలత మాత్రం మన చేతిదే.

దొరికిన సంఖ్యను నోటుపుస్తకంలో వ్రాసుకొని కనీసం రెండు వారాలు దాని జోలికి పోకండి. ఒక్క ఓటమికే మార్చివేయుట అలవాటైతే ఏ సంఖ్యా నిలవదు. మణికట్టు ఒక్కదానినే శ్రమపెట్టక మోచేతిని కూడా కదిలించండి. నొప్పి కలిగితే వెంటనే ఆట ఆపండి.

మా మిత్రుడు ఆ ఖరీదైన మౌస్‌ను అమ్మివేశాడు. ఇప్పుడు పాత మౌస్‌తో, 41 సెంటీమీటర్ల కొలతతో ఆడుతున్నాడు. మునుపటికంటె నిలకడగా ఆడుతున్నాడని మేమందరం ఒప్పుకొన్నాము. ఒక స్కేలు, ఒక పెన్సిలు, కొంత ఓర్పు ఉంటే బీద విద్యార్థికైనా ఈ విద్య అందుబాటులోనే ఉన్నది. కళాశాల క్రీడా సంఘం వారు ఒక గదిలో నాలుగు కంప్యూటర్లు, వాటి పక్కన నాలుగు స్కేళ్ళు ఏర్పాటు చేయగలిగితే విద్యార్థులు ఎంతో ప్రయోజనం పొందగలరని సవినయంగా మనవి చేస్తున్నాము.