స్పోర్ట్సు కారునకు జీర్ణోద్ధారణము



జీర్ణోద్ధారణ మనగనే మనకు దేవాలయము తలపునకు వచ్చును. ఱాళ్లు కదలినపుడు, గోడలు బీటలు వాఱినపుడు, పూర్వపు కట్టడమును చెఱుపక, శిథిలమైన భాగమును మాత్రము తొలగించి, తగిన దానితో పూరించుట జీర్ణోద్ధారణము. క్రొత్త గుడి కట్టుట వేఱు. పాత గుడిని నిలుపుట వేఱు. ఈ భేదము నెఱిగినవాడు పాత కారును బాగుచేయుటలోని మర్మమును సగము గ్రహించినట్లే. నేడు నేను చెప్పబోవునది అట్టి కారు నొకదానిని గూర్చి.

నేను తెలుగు, సంస్కృతములు బోధించి విశ్రాంతి గైకొన్న బడిపంతులను. యంత్రశాస్త్రమున నాకు పట్టము లేదు. నా కుమారుడు ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు చెంత ఉద్యోగము చేయుచు, 1948 వ సంవత్సరపు ఎం. జి. కారు నొకదానిని కొన్నాడు. టి. సి. యనునది దాని తరగతి పేరు. ఏటేట వేసవిలో నేను అచ్చటికి పోయినపుడు ఆ పనిలో అతనికి చేదోడు నగుచున్నాను. చేతులకు నూనె యంటించుకొని నేర్చినదియే యిచ్చట చెప్పుచున్నాను.

ఎం. జి. యనగా మారిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డున విలియం మారిస్ అను నాతని కార్ల విక్రయశాలకు అది పేరు. ఆ శాల మేనేజరగు సెసిల్ కింబర్, మారిస్ కార్ల చట్రములపై సొగసైన పైకట్టు గట్టించి యమ్మ నారంభించుటతో ఈ కార్లు పుట్టినవి. తరువాత కర్మాగారము ఏబింగ్డన్ అను చిన్న పట్టణమునకు మాఱి, 1980 వఱకు అచ్చటనే నడచినది. కింబర్ 1945 ఫిబ్రవరిలో రైలు ప్రమాదమున మరణించెను. ఆ యేడే, యుద్ధము ముగిసిన పిదప, టి. సి. వెలువడెను. 1949 వఱకు సుమారు 10,000 కార్లు తయారైనవి. వానిలో పెక్కులు సముద్రముల దాటి అమెరికాకు పోయినవి గాని, స్టీరింగు చక్రము మాత్రము అన్నింటికిని కుడివైపుననే యుండెను.

చూచుటకిది చిన్న బండి. ఇద్దఱు కూర్చుండుటకే చోటు. నాలుగు సిలిండర్ల యింజను, దాని పరిమాణము 1250 ఘన సెంటీమీటర్లు. సైకిలు చక్రములవలె స్పోకులు గల 19 అంగుళముల చక్రములు; ముందు వెనుకల కమాను కట్టలు. ఇనుప చట్రముపై కొయ్యతో అస్థిపంజరము కట్టి, దానికి రేకులు తొడిగిరి. ఇట్లు వడ్రంగము, కమ్మరము, యంత్రవిద్య మూడును ఇందు కలిసియున్నవి.

ఇక పనిని గూర్చి. కారు కొన్నవాడు మొదట రంగును గూర్చి యాలోచించును. అది తుదిపని. పరుగునకు ముందు నిలుచుటను చక్కజేయవలెను. ఇంగ్లండున కార్లకు ఏటేట విధిగా జరుగు పరీక్ష యొకటి కలదు. 1960 కి పూర్వపు కార్లకు 2012 నవంబరునుండి ఆ పరీక్షను మినహాయించిరి. పెక్కురు దీనిని వరముగా భావింతురు. నాకది భారముగా దోచినది. పరీక్షకుడు తప్పుకొన్నపుడు విద్యార్థి తన జవాబుపత్రమును తానే దిద్దుకొనవలసి వచ్చును. ఆ దిద్దుబాటులో ఉపేక్ష చూపినచో ఫలము ననుభవించువాడు దారిని పోవు పరుడు.

ఈ కారు బ్రేకులు పనిచేయు విధ మిట్టిది. పెడలును నొక్కినపుడు ఒక సిలిండరులోని పిస్టను బ్రేకు నూనెను త్రోయును. ఆ యొత్తిడి సన్నని గొట్టముల గుండ నాలుగు చక్రములకును వ్యాపించి, బ్రేకు షూలను డ్రమ్ముల లోగోడల కొత్తును. నూనె యొత్తిడికి కుంచించుకొనదు గనుకనే ఈ యుపాయము సాగుచున్నది. కాని యీ నూనె గాలిలోని చెమ్మను పీల్చుకొనును. ఆ చెమ్మ లోపలి యినుమును తుప్పు పట్టించును. నిడుపాటి పల్లమున బ్రేకులు మిక్కిలి వేడెక్కినపుడు ఆ నీరు ఆవిరి యగును. ఆవిరి కుంచించుకొనును, పెడలు నేలవఱకు పోవును, బండి నిలువదు. పైగా ఈ కారున నూనె మార్గ మొక్కటియే. ఎచ్చట కాఱినను నాలుగు చక్రముల బ్రేకులును పోయి, చేతిబ్రేకు మాత్రము మిగులును.

మేము డ్రమ్ములు విప్పి చూడగా, రెండు చక్రముల సిలిండర్లు తుప్పుతో గుంటలు పడియుండెను. రబ్బరు గొట్ట మొకటి లోలోపల ఉబ్బి దారిని మూయుచుండెను. సిలిండర్లను తొలిపించి లోపల క్రొత్త తొడుగులు వేయించితిమి. రబ్బరు భాగములన్నియు మార్చి, ఇనుప గొట్టములకు బదులు తుప్పు పట్టని రాగి-నికెలు మిశ్రమపు గొట్టములు అమర్చితిమి. నూనెను రెండేండ్ల కొకమాఱు మార్చుచున్నాము. నా కోడలు, కారు నిలుచుట కన్నులార చూచినపిదపనే యెక్కెదనని పట్టుబట్టెను. ఆమె మాట శాస్త్రసమ్మతము.

రెండవది కొయ్య. ఈ కార్ల లోపలి కట్టు యాష్ అను చెట్టు కలపతో చేసినది. క్రికెట్టు స్టంపులును, సుత్తుల పిడులును చేయునది ఆ కలపయే. అది వంగును గాని తేలికగా విఱుగదు. అయినను నీరు నిలిచిన చోట పుచ్చును. పైరేకు అద్దమువలె మెఱయుచుండగా లోపలి స్తంభము పొడియై యుండవచ్చును. దీనిని కనుగొనుటకు మూడు గుఱుతులు కలవు: తలుపు తెఱచినపుడు క్రిందికి జాఱుట, చేతితో తట్టినపుడు బోలుగా మ్రోగుట, సన్నని కత్తిమొన కొయ్యలోనికి శ్రమలేక దిగుట. మా కారున ఎడమ తలుపు స్తంభమును పూర్వ మెవరో లప్పముతో పూడ్చి రంగు వేసియుండిరి. రాజు వస్త్రములు తొడిగినంత మాత్రమున రోగి లేచి కూర్చుండునా?

దీనిని బాగుచేయుట కొక క్రమము కలదు. ముందుగా తలుపు ద్వారమునకు అడ్డకమ్ములు బిగించి, కొలతలు చెదరకుండ కాపాడవలెను. అట్లు చేయక స్తంభమును కోసినచో పైకట్టంతయు వాలిపోయి, తరువాత ఏ తలుపును సరిగా మూతపడదు. పుచ్చిన భాగమును గట్టి కొయ్య తగులు వఱకు కోసి, ఆ కోతను వాలుగా నుంచవలెను. నిలువు కోతకంటె వాలు కోతలో అతుకు తగులు వైశాల్యము హెచ్చు, పట్టును హెచ్చు. బాగుగా ఎండిన, పోగు తిన్నగా సాగిన యాష్ చెక్కను అదే కొలతకు చెక్కి, నీటికి కరగని జిగురుతోను మరమేకులతోను బిగింపవలెను. ఒకవైపు ముగించిన పిదపనే రెండవవైపు ముట్టవలెను. రెండును ఒక్కసారి విప్పినచో, కొలతకు మూలము మిగులదు.

మూడవది ఇంజను. దీని బోల్టులలో ఒక విచిత్రము కలదు. మారిస్ 1923 లో కోవెంట్రీలోని హాచ్‌కిస్ అను ఫ్రెంచి సంస్థ కర్మాగారమును కొనెను. అచ్చటి యంత్రములు మెట్రిక్ మరలు చుట్టునవి. అందుచేత ఇంగ్లండులో పుట్టిన యీ యింజనుకు మరలు ఫ్రెంచి కొలతలో నున్నవి. ఇంగ్లీషు పనివాని పానా సరిపోవుటకై బోల్టుల తలలు మాత్రము ఇంగ్లీషు విట్‌వర్త్ కొలతలో నున్నవి. 8 మిల్లీమీటర్ల బోల్టు తీసికొన్నచో, నేడు అంగట దొరకునది చుట్టు కొకమాఱు 1.25 మిల్లీమీటర్లు జరుగును. ఈ యింజనుది 1 మిల్లీమీటరు జరుగును. చూపునకు రెండు నొకటియే. బలిమితో త్రిప్పినచో డెబ్బదియేండ్లకు పైబడిన యినుములోని మర నాశన మగును. వ్రేళ్లతో మూడు చుట్లు సులభముగా తిరుగని బోల్టుకు పానా పెట్టరాదనునది మా యింట నియమము.

ఇంజనుకు గాలి, పెట్రోలు కలిపి యందించునవి రెండు ఎస్. యు. కార్బ్యురేటర్లు. ఇంజను పీల్చు గాలిని బట్టి ఇందలి పిస్టను పైకి లేచును. దానికి తగిలించిన సన్నని సూది పెట్రోలు రంధ్రము నంతకంతకు తెఱచును. రెండును సమముగా గాలి పీల్చుచున్నవో లేవో తెలిసికొనుటకు ఒక రబ్బరు గొట్టము చాలును. ఒక కొనను చెవి కానించి, రెండవ కొనను కార్బ్యురేటరు నోట నుంచినచో బుసవంటి ధ్వని వినబడును. రెండు తంబురలను ఒక శ్రుతికి కూర్చునట్లు, ఈ రెండు బుసలను సమము చేయవలెను. పిమ్మట పిస్టనును రవంత పైకెత్తి చూడవలెను. ఇంజను వేగము హెచ్చి అట్లే నిలిచినచో పెట్రోలు మిక్కుటము, ఆగబోయినచో తక్కువ, క్షణకాలము కొంచెము హెచ్చి తగ్గినచో సరి. నా చెవికి ఛందస్సు నేర్పిన శిక్ష ఇచ్చట పనికివచ్చుట నాకు సంతోషము గలిగించినది.

పెట్రోలును గూర్చి ఒక హెచ్చరిక. వెనుక పెట్రోలులో సీసము కలిపెడివారు. అది వాల్వుల పీటలు అరుగకుండ కొంత కాపాడెడిది. ఆరోగ్యమునకు హానికర మగుటచే ఇంగ్లండున 1999 చివరతో దాని సామాన్య విక్రయము నిలిచినది. ఇంజను విప్పినపుడు గట్టి యుక్కు పీటలు వేయించుట దానికి మందు. 2021 సెప్టెంబరునుండి అచ్చట సామాన్యపు పెట్రోలులో 10 శాతము వఱకు ఎథనాలు కలుపుచున్నారు. ఎథనాలు పాత రబ్బరును చెఱచును, చెమ్మను పీల్చును. కావున పాత కార్లవారు 5 శాతము గల పెట్రోలును కొని, గొట్టములను ఎథనాలునకు ఓర్చు రబ్బరుతో మార్చుకొందురు. మన దేశమున 20 శాతము ఎథనాలు గల పెట్రోలు వ్యాపించినది గనుక, ఇచ్చటి పాత కార్లవారికిని ఈ హెచ్చరిక యెక్కువగనే వర్తించును.

చలికాలమున కారును ఊరకుంచుటయు ఒక విద్యయే. గడ్డకట్టని ద్రవము కలుపనిచో నీరు గడ్డకట్టి ఇంజను దిమ్మను పగులగొట్టును. వారమున కొకమాఱు రెండు నిమిషములు ఇంజను నడపుట మేలని కొందఱనుకొందురు. అది కీడు. చల్లని యింజనులో పుట్టిన నీటియావిరి బయటికి పోక, నూనెలో కలిసి లోహమును తినును. నడపినచో పది పదిహేను మైళ్లు నడపి పూర్తిగా వేడెక్కనీయవలెను. లేనిచో ముట్టకయే యుంచవలెను. నూనె మార్చుట శీతకాలమునకు ముందు; మలినపు నూనెతో బండిని నిద్రపుచ్చరాదు.

ఇట్లు భాగములు మార్చుచు పోయినచో ఆ కారు ఆ కారే యగునా యని నన్నొక మిత్రుడు ప్రశ్నించెను. పాలీ గ్రంథమగు మిలిందపన్హలో నాగసేనుడను భిక్షువు రాజునకు రథమును చూపి ఇట్టి చర్చయే చేసెను. ఇరుసు రథము కాదు, చక్రము రథము కాదు. కూర్పును బట్టి రథమను వ్యవహారము. ఆ తత్త్వమున నాకు గౌరవము కలదు. కాని ప్రాచీన గ్రంథములను పరిష్కరించువాడు మఱియొక మర్యాదను పాటించును. తాటియాకున చెదలు తిన్న అక్షరమును తాను పూరించినచో, పూరించితినని గుఱుతు పెట్టును. గుఱుతు లేని పూరణము మోసము.

మేము నట్టే చేయుచున్నాము. మార్చిన ప్రతి భాగమును, తేదీని, కారణమును ఒక పుస్తకమున వ్రాసి, తీసిన పాత భాగమునకు చీటి కట్టి పెట్టెలో నుంచుచున్నాము. నా కుమారుడు మొదట సీట్ల తోలును క్రొత్తది వేయింపవలెనని తలచెను. పగుళ్లు వాఱినను ఆ తోలు ఎవరికిని హాని చేయదు. ఎందఱో కూర్చుండిన చిహ్నము అందున్నది. నూనె రాచి మెత్తబఱచి దానినే యుంచితిమి. బ్రేకు గొట్టము విషయమున మాత్రము పాతదానిపై మమకారము పనికిరాదు. ప్రాణముతో సంబంధించిన చోట క్రొత్తది, జ్ఞాపకముతో సంబంధించిన చోట పాతది: ఈ తీర్పును ప్రతి మరమేకు నొద్దను చేయవలెను.

ఇట్టి కారు కొనదలచినవారికి నా సలహా యొకటే. రంగును గాక కొయ్యను చూడుడు. వేగము నడుగక బ్రేకుల నడుగుడు. అమ్మువాడు వ్రాసియుంచిన పుస్తక మేదైన నున్నచో, మెఱయు బండికంటె పుస్తకము గల బండిని ఎంచుకొనుడు. మీ తరువాత దానిని విప్పువాడు మీ చేతివ్రాత చదివి మీకు నమస్కరింపవలెను.