ఫోను వద్దు, మామిడాకు ఇద్దాం

ఆదివారం ఆరాధనలో వాక్యం మొదలైన కాసేపటికి వెనుక వరుసలో ఒక పసిబిడ్డ ఏడుపు అందుకుంటుంది. అందరం తిరిగి చూస్తాం. ఆ తల్లి సిగ్గుపడి చేతిలోని ఫోను బిడ్డకు ఇస్తుంది. ఏడుపు ఆగుతుంది. మనకూ హాయిగా ఉంటుంది. ఆ ఫోను ఇప్పించింది మన చూపులేనని మాత్రం అనుకోం.

రెండేళ్లు నిండేవరకు పిల్లలకు ఫోను, టీవీ చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆ తరువాత నాలుగేళ్ల వరకు కూడా రోజుకు గంట మించకూడదన్నది. పసిబిడ్డ లోకాన్ని తెలుసుకునేది కళ్లతో మాత్రమే కాదు. పట్టుకోవాలి, నలపాలి, వాసన చూడాలి. ఫోనులో ఆకు ఎంత పచ్చగా కనబడినా దానికి గరుకు లేదు, వాసన లేదు.

నూజివీడు అనగానే వేసవి, చిన్నరసాలు, పెద్దరసాలు గుర్తొస్తాయి. కానీ పసిపిల్లలను చెట్టు కిందికి తీసుకెళ్లడానికి ఆశ్వయుజ, కార్తీక మాసాలే అనువు. వానలు తెరిపిచ్చిన రోజున, ఎండ మెత్తగా ఉన్న ఉదయం పూట, అరగంట చాలు.

నాలుగైదు నెలల బిడ్డను చాప మీద దుప్పటి పరిచి పడుకోబెట్టండి. కొమ్మల సందుల్లో కదిలే వెలుగునీడలను కళ్లతో వెంబడిస్తుంది. కూర్చునే వయసు వస్తే ఒక చేతికి రాగి రంగు లేత చిగురు, మరో చేతికి ముదురాకు తాకించండి. ఒకటి మెత్తన, ఒకటి బిరుసు. ఆకును నలిపి వాసన చూపించండి. ఎండుటాకులు సీసాలో వేసి మూత గట్టిగా బిగించి ఇస్తే అదే గిలక్కాయ. పళ్లెంలో కాసిని నీళ్లు పోసి బంతిపూలు వేస్తే చేత్తో కొట్టి నవ్వుతుంది. ఏడాది దాటినవాళ్లు గిన్నెలోకి మట్టి నింపి, ఒంపి ఆడుకుంటారు. ప్రతిదాని పేరూ పక్కనుండి చెబుతూ ఉండండి. ఫోను బిడ్డ ముఖం చూసి మాట్లాడదు, మనం మాట్లాడతాం. మాటలు వచ్చేది అలాగే.

జాగ్రత్తలూ ఉన్నాయి. మందు కొట్టిన తోటలోకి వెళ్లవద్దు, రైతును అడిగి తెలుసుకోండి. తెంపిన కాడ నుంచి కారే సొన చర్మాన్ని పొక్కిస్తుంది, కాబట్టి ఆకు కడిగి ఇవ్వండి. ఎర్రచీమల గూళ్లున్న కొమ్మ కింద చాప వేయకండి. ఆకుల పోగులో తేళ్లు ఉండవచ్చు, ముందు కర్రతో కదిపి చూడండి. చింతగింజల వంటి చిన్నవి గొంతుకు అడ్డం పడతాయి. గురివింద, ఆముదం గింజలు విషం. పళ్లెంలో నీళ్లు కొంచెమే అయినా బిడ్డను వదిలి పక్కకు వెళ్లకూడదు. ఆట అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి.

మన మందిరాల ఆవరణల్లో చాలాచోట్ల ఒక చెట్టు ఉంటుంది. వచ్చే ఆదివారం బిడ్డ ఏడిస్తే వెనక్కి తిరిగి చూడడం మానేద్దాం. ఒక అమ్మమ్మో, ఒక అక్కో లేచి, తల్లిని అడిగి, బిడ్డను ఎత్తుకుని ఆ చెట్టు కిందికి వెళ్తే చాలు. తల్లి వాక్యం వింటుంది. బిడ్డ చేతిలో ఆకు ఉంటుంది.