పాత పికప్ డీజిల్ తాగేస్తోందా?

రోజుకు 200 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు. మొత్తం 5,000 కిలోమీటర్లు. బండి లీటరుకు 11 ఇస్తే నెలకు 455 లీటర్ల డీజిల్ చాలు. అదే 9కి పడిపోతే 556 లీటర్లు. అంటే వంద లీటర్ల తేడా! కిరాయికి తిరిగే పాత పికప్‌కి మిగిలేదే అంతంతమాత్రం, అందులోంచి పోయే డబ్బు ఇది.

మదనపల్లె నుంచి తిరుపతికి టమాటా తోలే మా చిన్నాయన బండిదీ ఇదే కథ. మెకానిక్ చూడగానే ‘ఇంజిన్ బోరుకొచ్చింది’ అనేశాడు. బోరు చేయించాలంటే అప్పు చేయాలి, లేదంటే బండి అమ్ముకోవాలి. పగలంతా కోడ్‌లో బగ్స్ వెతికేవాణ్ని కదా, ముందు కొలుద్దాం చిన్నాయనా అన్నాను.

ఐదొందలకు కొట్టించి, ముల్లు చూసి చెప్పేది మైలేజీ కాదు. ట్యాంకు ఫుల్ చేయించి రీడింగ్ ఫొటో తీసుకోండి. మళ్లీ అదే బంకులో ఫుల్ చేయించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. మూడు నాలుగు ట్యాంకులు ఇలా రాస్తే గానీ నిజం బయటపడదు. లోడు ఎంతో కూడా పక్కనే రాసుకోండి. ఇంకో తిరకాసు ఉంది. కంపెనీ సైజు కన్నా పెద్ద టైర్లు వేయించి ఉంటే మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. అప్పుడు తప్పింది లెక్క, బండి కాదు! ఫోన్‌లో జీపీఎస్‌తో ఓ 50 కిలోమీటర్లు సరిచూస్తే తేలిపోతుంది.

టైర్లలో గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు చూడాలి. లోడు బండికి వెనక టైర్లలో ఎక్కువ గాలి ఉండాలి, నాలుగింటికీ ఒకే లెక్కన కొట్టించేస్తే కుదరదు. తర్వాత బ్రేకులు. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ఒక్కో చక్రాన్ని జాకీతో లేపి చేత్తో తిప్పండి. బిగుసుకుని తిరిగితే బ్రేకు పట్టేస్తోందన్నమాట.

చాలామంది పట్టించుకోనిది థర్మోస్టాట్. బండి వేడెక్కుతోందంటే చాలు, ‘మన ఎండలకు ఇదెందుకన్నా’ అని దాన్ని పీకి పారేసే మెకానిక్‌లు ఉన్నారు. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌లోకి పోకుండా ఆపడమే దాని పని. అది లేకపోతే ఇంజిన్ 80 డిగ్రీలు దాటడానికి చాలాసేపు పడుతుంది. చలిలో అయితే అసలు దాటకపోవచ్చు. చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది, డీజిల్ సరిగా మండదు. టమాటా బండ్లేమో బయల్దేరేది తెల్లవారుజామున, మదనపల్లె చలిలో! అరగంట నడిపినా టెంపరేచర్ ముల్లు పైకి లేవకపోతే అనుమానించండి.

చిన్నాయన బండిలో థర్మోస్టాటే లేదు. పైగా వెనక ఎడమ చక్రం బ్రేకు పట్టేస్తోంది. రెండూ ఒకేసారి చేయిస్తే దేనివల్ల ఎంతో తెలియదు కాబట్టి, ఒక్కోటి చేయించి మూడేసి ట్యాంకులు చూశాం. 9 కాస్తా 10.5 దాటింది. బోరు మాట మళ్లీ రాలేదు.

ఇక నడిపే తీరు. 80లో వెళ్లేవాళ్లు 60కి దిగితే ఎదురుగాలి నిరోధం 40 శాతానికి పైగా తగ్గుతుంది. టార్పాలిన్ గాలికి కొట్టుకోకుండా బిగించి కట్టండి. భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుందనే నమ్మకం ఒకటుంది. నిజానికి గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, డీజిల్ దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే తాగుతూ ఉంటుంది. పైగా లోడు మీద బరువంతా బ్రేకుల మీదే పడి, డ్రమ్ములు కాలిపోయి, కావాల్సినప్పుడు బ్రేకు పడదు. ఆ డీజిల్‌కి ప్రాణం ఫణంగా పెట్టడం ఎందుకు?

డీజిల్ పైపుకు కట్టే అయస్కాంతాల జోలికి మాత్రం పోకండి. ఆ డబ్బుతో ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ కొత్తవి వేయించుకోవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా మైలేజీ రాకపోతే సైలెన్సర్ చూడండి. నల్ల పొగయితే గాలి చాలట్లేదు, లేదా నాజిల్స్ సరిగా చిమ్మట్లేదు. అది పంపు మెకానిక్ పని. నీలం పొగ వస్తూ ఇంజిన్ ఆయిల్ కూడా తగ్గిపోతుంటే మాత్రం మెకానిక్ మాట నిజమే కావచ్చు. అప్పుడైనా ఇంజిన్ విప్పకముందే కంప్రెషన్ గేజ్ పెట్టించి, ఒక్కో సిలిండర్ రీడింగ్ మీ ఎదుటే చూపించమనండి.