గ్యాసు బండా.. కరెంటు పొయ్యా?

ఖర్చు లెక్క కుదిరినా.. తుపానుల సంగతేంటి?

బరంపురం: కట్టెల పొయ్యి పోయి కిరసనాయిలు స్టవ్వు వచ్చింది. అది అటకెక్కి గ్యాసు బండ వచ్చింది. ఇప్పుడు బండ పక్కనే కరెంటు పొయ్యి చోటు వెతుక్కుంటోంది. బండ నిండుకుందంటే పక్కింటికి పరుగెత్తే రోజులు పోతాయా? నెల తిరిగేసరికి బిల్లు తడిసి మోపెడవుతుందా? గంజాం తెలుగు లోగిళ్లు మారే ముందు లెక్క చూసుకోవాల్సిందే.

ఐరోపా, అమెరికాల్లో గ్యాసు మానేసి కరెంటుకు మారడమంటే ప్రధానంగా ఇళ్లు వెచ్చబెట్టుకోవడం గురించే. గంజాం తీరంలో ఆ బాధ లేదు. ఇక్కడ ఇంటికి కావాల్సిన వేడి రెండే.. వంట, వేణ్నీళ్లు. మన దేశం వాడే వంటగ్యాసులో సగానికి పైగా విదేశాల నుంచే వస్తోంది. అందుకే 2021 ఫిబ్రవరిలో కేంద్రం 'గో ఎలక్ట్రిక్' ప్రచారం మొదలుపెట్టి, విద్యుత్ వాహనాలతో పాటు కరెంటు వంటనూ ముందుకు తెచ్చింది. 2023 నవంబరులో 20 లక్షల ఇండక్షన్ పొయ్యిల పంపిణీ లక్ష్యంతో మరో పథకం ప్రారంభమైంది.

బండకు ఎన్ని యూనిట్లు?

ఇంటి బండలో ఉండేది 14.2 కిలోల గ్యాసు. మండినప్పుడు వచ్చే వేడిలో మూడో వంతుకు పైగా గిన్నె పక్కల నుంచి గాలిలో కలిసిపోతుంది. ఇండక్షన్ పొయ్యి అలా కాదు. గిన్నె అడుగునే వేడెక్కిస్తుంది కాబట్టి వృథా తక్కువ. ఈ తేడాలన్నీ చూస్తే ఒక బండ చేసే వంటకు సుమారు 135 యూనిట్ల కరెంటు చాలు.

ఇక ధర. ఒడిశాలో 2024-25లో ఇళ్లకు మొదటి 50 యూనిట్లు రూ.2.90, ఆపైన 200 వరకు రూ.4.70, 400 వరకు రూ.5.70, అది దాటితే రూ.6.10. నెలకు 120 యూనిట్లు కాల్చే ఇల్లు వంటకు మరో 135 వాడిందనుకుందాం. అదనంగా పడేది సుమారు రూ.690. విద్యుత్ సుంకం కలిపినా, ఆ ఏడాది ఢిల్లీలో రూ.803 ఉన్న బండ కంటే తక్కువే. 2025 ఏప్రిల్‌లో బండ మీద మరో రూ.50 పెరిగింది.

అయితే ఈ లెక్క అందరికీ ఒకటి కాదు. ఉజ్వల కనెక్షన్‌కు రూ.300 రాయితీ పోను, ఆ ఏడాది ధరలో బండ రూ.503కే వచ్చినట్టు. నెలకు 40 యూనిట్లే వాడే చిన్న ఇంట్లో కూడా 135 యూనిట్ల వంటకు రూ.600 దాటుతుంది. అంటే పూర్తి ధర పెట్టి బండ కొనే మధ్యతరగతికి కరెంటు లాభం. రాయితీ బండ ఉన్న పేదింటికి నష్టం. ఏసీ, గీజరు ఉండి ఇప్పటికే 400 యూనిట్లు దాటే ఇంట్లో లాభం అంతంతే.

పొయ్యి కొంటే సరిపోదు

పైకి కనిపించని ఖర్చులూ ఉన్నాయి. ఇండక్షన్ మీద సత్తు గిన్నెలు, ఇత్తడి బిందెలు, మట్టి కుండలు వేడెక్కవు. అయస్కాంతం అంటుకునే అడుగు ఉండాలి. కొనే ముందు గిన్నె అడుగున అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఇనప దోసె పెనం అయితే బెంగలేదు. పాత గిన్నెలే వాడాలంటే ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి ఉంది. అది ఏ గిన్నెనైనా కాలుస్తుంది గానీ కరెంటు కాస్త ఎక్కువ తాగుతుంది.

2 వేల వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దీనికి సెల్‌ఫోను ఛార్జింగు పెట్టే చిన్న ప్లగ్గు పనికిరాదు. 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగ్గ మందం వైరు, గట్టి ఎర్తింగు ఉండాలి. పాత వైరింగు ఉన్న ఇళ్లలో ముందుగా ఎలక్ట్రీషియన్‌కు చూపించడం మంచిది. వోల్టేజీ పడిపోయే పల్లెల్లో పొయ్యి మధ్యలో ఆగిపోతే సగం ఉడికిన అన్నమే మిగులుతుంది.

స్నానాల గదిలో జాగ్రత్త

వేణ్నీళ్ల విషయంలో మాత్రం తర్జనభర్జన అక్కర్లేదు. తలుపులు మూసిన స్నానాల గదిలో గ్యాసు గీజరు ప్రాణాంతకం. గాలి చాలకపోతే వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. గ్యాసు గీజరు ఉంటే గది బయట బిగించాలి. కరెంటు గీజరులో 15 లీటర్ల నీళ్లు కాగడానికి అయ్యేది 0.6 యూనిట్ పైచిలుకు. మూడు రూపాయల చిల్లర.

హోటళ్లు, హాస్టళ్లు, ఆసుపత్రుల వంటి పెద్ద భవనాలకు హీట్ పంపు ఉంది. ఇది బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఎక్కిస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. గోపాలపూర్ లాంటి వెచ్చని తీరంలో ఇది బాగా పనిచేస్తుంది.

పొగ ఎక్కడికి పోతుంది?

కరెంటు పొయ్యితో వంటిల్లు శుభ్రం. కట్టెల పొగకు దగ్గే తల్లులకు అంతకంటే మేలు లేదు. కానీ దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది. ఒక బండ మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు 42 కిలోలు. అదే వంటకు 135 యూనిట్లు వాడితే, దేశ సగటు లెక్కన విద్యుత్ కేంద్రాల్లో వెలువడేది 95 కిలోల దాకా. అంటే పొగ వంటింట్లోంచి తాల్చేరుకు మారిందంతే. యూనిట్‌కు ఇప్పుడున్న 0.7 కిలో 0.3కు దిగితేనే గ్యాసు కంటే కరెంటు మేలు.

దక్షిణ ఒడిశాకు జలవిద్యుత్ కొత్తేం కాదు. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి మాచ్‌ఖండ్ కేంద్రం 1955 నుంచి ఉంది. బలిమెల, ఎగువ కొలాబ్, ఎగువ ఇంద్రావతి తర్వాత వచ్చాయి. సొంత డాబా ఉన్నవారికి 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు రూ.78 వేల కేంద్ర రాయితీ ఉంది. డాబా మీద పలకలుంటే పగటి వంట లెక్కే మారిపోతుంది.

తుపానొస్తే?

అసలు చిక్కు ఇక్కడే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటింది. స్తంభాలు వేలల్లో కూలాయి. బరంపురం రోజుల తరబడి చీకట్లో ఉంది, పల్లెల్లో కరెంటు రావడానికి ఇంకా ఆలస్యమైంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ అటు ఉద్దానాన్ని, ఇటు గంజాం, గజపతి జిల్లాలను వణికించింది. అలాంటప్పుడు పొయ్యి కూడా తీగ మీదే ఆధారపడితే పిల్లలకు పాలు కాచే దారి ఉండదు. డాబా మీది సోలారు కూడా బ్యాటరీ లేకపోతే లైను పోగానే ఆగిపోతుంది.

2021 జనవరి 1 నుంచి దక్షిణ ఒడిశా కరెంటు పంపిణీ టాటా పవర్, రాష్ట్ర ప్రభుత్వ ఉమ్మడి సంస్థ టీపీఎస్‌ఓడీఎల్ చేతిలో ఉంది. తుపాను తర్వాత కరెంటు ఎన్ని గంటల్లో వస్తుందన్నదే గంజాంలో కరెంటు పొయ్యి భవిష్యత్తును తేలుస్తుంది. తీగలు భూమిలోకి వెళ్లేదాకా రోజువారీ వంట కరెంటు మీద సాగినా, కనెక్షన్ మాత్రం వదులుకోవద్దు. అక్టోబరు వచ్చేసరికి ఇంట్లో ఒక నిండు బండ ఉండాల్సిందే.