సరిహద్దు దాటిన వల

భూమికి గట్లు కలవు, సరిహద్దురాళ్లు కలవు. సముద్రమున కట్టివేవియు లేవు. అయినను ఏ రాజ్యపు నీరు ఎంతవరకో శాసనములు కొలిచి నిర్ణయించియున్నవి. తీరమునుండి 12 నావికమైళ్లు, అనగా ఇంచుమించు 22 కిలోమీటర్లవరకు గలది ఆ దేశపు ప్రాదేశిక జలము. దానికావల, తీరమునుండియే లెక్కించి 200 నావికమైళ్లవరకు ప్రత్యేక ఆర్థిక మండలము. ఈ రెండవదానిలో ఎల్లదేశముల ఓడలును సంచరింపవచ్చును గాని, తీరదేశపు అనుమతి లేక చేపలు పట్టరాదు.

ఈ భేదమును విద్యార్థులు బాగుగ గుర్తింపవలెను. శిక్ష దీనిపైననే ఆధారపడియున్నది. 1982లో కుదిరిన సముద్రశాసన ఒడంబడికలో 73వ అధికరణము కలదు. ఆర్థిక మండలములో అక్రమముగ వల వేసిన పరదేశీయులను, ఆ దేశముల నడుమ వేరు ఒప్పందము లేనిచో, చెరసాలలో వేయరాదనియు, దేహశిక్ష విధింపరాదనియు, తగిన జామీను చెల్లించినచో పడవను మనుష్యులను శీఘ్రముగ విడువవలెననియు అది చెప్పుచున్నది. మన దేశము 1995లో దానిని ధ్రువపరచినది. అంతకుముందే, 1981లో, మన పార్లమెంటు పరదేశ నౌకల చేపలవేటను గూర్చి చేసిన చట్టమును ఈ భేదమునే పాటించినది. ప్రాదేశిక జలములో నేరము జరిగినచో 3 సంవత్సరములకు మించని ఖైదు, లేక 15 లక్షల రూపాయలకు మించని జరిమానా, లేక రెండును. ఆర్థిక మండలములోనైనచో 10 లక్షలకు మించని జరిమానా మాత్రమే. నేరము రుజువైనచో పడవయు వలలును చేపలును జప్తు చేయబడవచ్చును.

నాకు మిక్కిలి న్యాయముగ తోచిన సంగతి మరియొకటి కలదు. ఈ శిక్షలకు పాత్రుడు ఓడ యజమాని, లేక దానిని నడుపు నాయకుడు, మన జాలరుల మాటలో తండేలు, అని ఆ చట్టము చెప్పుచున్నది. కూలికి వల లాగినవానిని ఆ నిబంధన పేర్కొనలేదు.

కాని కాగితముపై నున్నది వేరు, నీటిపై జరుగునది వేరు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల జాలరు లనేకులు, స్వగ్రామముల చెంత మరపడవలకు తగిన రేవులు లేక, గుజరాతులోని వేరావలుకు పోయి అచ్చటి యజమానుల పడవలలో కూలికి కుదురుచుందురు. ఆ పడవలు తిరుగు నీటికి ఆవల పాకిస్తాను కలదు. సర్ క్రీకు అను కయ్య కడ ఉభయరాజ్యముల సరిహద్దు నేటికిని తేలలేదు. కావున సముద్రముపై గీత ఎచ్చట పడవలెనో ఒప్పుదల లేదు. రాజ్యములకే తెలియని గీతను చీకటిలో, గాలివాటున, కూలివాడు కనిపెట్టు టెట్లు? గలిలయ సరస్సున వల వేసిన పేతురు అంద్రెయలకు ఇట్టి చిక్కు లేకుండెను!

2018 నవంబరులో ఇట్లే పాకిస్తానువారికి చిక్కిన మనవారు కరాచీ చెరసాలలో ఇంచుమించు 14 మాసము లుండిరి. 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దున విడువబడిరి. వారు కూలికి పోయినవారే గాని పడవల కధిపతులు కారు. అన్ని మాసములును వారి యిండ్లకు కూలి రాలేదు. శీఘ్రవిముక్తి యను మాట వారి కక్కరకు రాలేదు.

2008లో కుదిరిన యొక ఒప్పందము ప్రకారము, ఇరు ప్రభుత్వములును యేటేట జనవరి 1న, జూలై 1న తమ చెరలోనున్న పొరుగుదేశస్థుల పట్టికలను ఇచ్చిపుచ్చుకొనుచున్నవి. అందు జాలరుల లెక్క వేరుగ నుండును. మనమిచ్చు పట్టికలోను జాలరులు కలరు.